గట్టిగా మీటినా స్వరం ఎందుకు మారదు?

తీగను గట్టిగా మీటినప్పుడు అది వేగంగా కదులుతుంది గనుక పౌనఃపున్యం (సెకనుకు జరిగే కంపనాల సంఖ్య) కూడా పెరగాలి కదా, మరి ధ్వని పెద్దదవుతున్నా స్వరం ఎందుకు మారడం లేదని మీరు అడిగారు. చిక్కంతా వేగాన్నీ పౌనఃపున్యాన్నీ ఒకటిగా భావించడంలోనే ఉంది.

గట్టిగా మీటిన తీగ నిజంగానే వేగంగా కదులుతుంది. అయితే అదే నిష్పత్తిలో ఎక్కువ దూరం కూడా ఊగుతుంది కనుక, ఒక కంపనానికి పట్టే సమయం దాదాపు మారదు. పెరిగింది కంపన పరిమితి, అంటే తీగ పక్కకు ఊగే దూరం, మాత్రమే. అది రెట్టింపైతే ధ్వని తీవ్రత (అది మోసుకొచ్చే శక్తి) నాలుగు రెట్లవుతుంది, కాని చెవికి అంత తేడా తెలియదు. తీవ్రత పది రెట్లయితే, అంటే 10 డెసిబెల్‌లు పెరిగితే, ధ్వని సుమారు రెట్టింపు బిగ్గరగా తోస్తుంది.

స్వరస్థాయిని నిర్ణయించేది సెకనుకు జరిగే కంపనాల సంఖ్య. అది తీగ పొడవు, బిగువు, మందం, లోహాలను బట్టి ఉంటుంది. 220 హెర్ట్జ్‌లతో, అంటే సెకనుకు 220 సార్లు, కంపించే తీగను సరిగ్గా సగం దగ్గర నొక్కి మీటితే 440 హెర్ట్జ్‌ల స్వరం, అంటే పై స్థాయిలోని అదే స్వరం పలుకుతుంది. బిగువు ద్వారా అదే ఫలితం రాబట్టాలంటే దాన్ని నాలుగింతలు చేయాలి. అంత బిగిస్తే తీగ తెగే ప్రమాదముంది కాబట్టి, స్వరం మార్చి చూడాలంటే పొడవు మార్చడమే మేలు.

పైన "దాదాపు" అన్నది ఊరికే కాదు. మరీ బలంగా లాగి వదిలితే తీగ సాగి బిగువు కాస్త పెరుగుతుంది కనుక, మొదటి క్షణంలో స్వరం కొద్దిగా హెచ్చి, కంపనం తగ్గేకొద్దీ దిగుతుంది. వదులుగా ఉన్న తీగను మీటుతూ స్వరస్థాయిని కొలిచే ఎలక్ట్రానిక్ ట్యూనర్‌లో చూస్తే ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.