టీ, రెండు బిస్కెట్లు, ఏడింటి బస్సు

చదువు, ఒళ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల పిల్లల నుంచే, ఒక్కటి మాత్రం ఓ తల్లి రాసింది. మాటలు వేరైనా చాలామంది అడిగేది ఒకటే, చదువు మీద మనసు నిలవట్లేదు, నేను బద్ధకంగా తయారయ్యానా అని. అది తేల్చే ముందు రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, పొద్దున ఏం తిన్నావు అని నేనడుగుతాను. ఆ రెండూ సరిగ్గా ఉండి కూడా కుదరకపోతే అప్పుడు వేరే కారణాలు వెతుకుదాం.

ప్రశ్న: మేడం, మాది పొదలకూరు దగ్గర పల్లె. నెల్లూరులో ఎమ్మెస్సీ చదువుతున్నా. ఏడింటి బస్సు తప్పితే మొదటి క్లాసు పోయినట్టే. ఆడవాళ్లకు ఉచిత బస్సు, అదే స్త్రీశక్తి, వచ్చాక టికెట్ ఖర్చు తప్పింది గానీ సీటు దొరకదు, నిలబడే వెళ్లాలి. పొద్దున టీ, రెండు బిస్కెట్లు, మళ్లీ తిండి మధ్యాహ్నం క్యారియరే. ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం, బస్సులో కళ్లు తిరుగుతున్నాయి, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది. మా అమ్మేమో అంతా ఫోన్ చూడబట్టే అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మాయ్, ముందు రక్తపరీక్ష చేయించుకో. అమ్మతో ఫోన్ సంగతి తర్వాత వాదించుకోవచ్చు. నువ్వు చెప్పినవన్నీ రక్తహీనతలో కనపడేవే, మన రాష్ట్రంలో సగం మందికి పైగా ఆడవాళ్లకు ఉన్నదే, అందుకే ఇళ్లలో ఎవరూ దాన్ని జబ్బుగా లెక్కపెట్టరు. మీ ఊరి పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ పరీక్ష ఉచితంగా చేస్తారు. ఆడవాళ్లకు 12 గ్రాములు ఉండాలి. అంతకన్నా తక్కువ వస్తే డాక్టర్‌కు చూపించు, 8 కన్నా కిందికి దిగితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. నెలసరి ఎన్ని రోజులు వస్తుంది, ఎంత ఎక్కువగా అవుతుంది అన్నది డాక్టర్‌కు నువ్వే చెప్పాలి, వాళ్లు అడిగేదాకా ఆగకు. జుట్టు అంతగా ఊడుతోందంటున్నావు కాబట్టి థైరాయిడ్ కూడా చూడమను.

ఐరన్ మాత్రలు ఇస్తే అవి వేసుకునే పద్ధతి ఒకటుంది. టీతో, కాఫీతో, పాలతో వేసుకుంటే ఒంటికి పట్టేది చాలా తక్కువ. కనీసం గంట ఎడం ఇవ్వు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది, పొదలకూరు వాళ్లకు నిమ్మకాయలు ఎక్కడ దొరుకుతాయో నేను చెప్పక్కర్లేదు. విరేచనం నల్లగా అవుతుంది, కంగారుపడి ఆపేయొద్దు. కడుపులో వికారంగా ఉంటే తిన్నాక వేసుకో, కాస్త తక్కువ పట్టినా మానేయడం కన్నా నయం. హిమోగ్లోబిన్ పెరిగిందని కాగితం చూసి మానేసేవాళ్లే ఎక్కువ, అక్కడే తప్పు జరుగుతుంది. ఒంట్లో నిల్వ నిండడానికి ఆ తర్వాత కూడా సుమారు మూడు నెలలు వాడాలి, డాక్టర్ ఆపమన్నప్పుడే ఆపాలి.

ఇక పొద్దున తిండి. ఏడింటి బస్సు అందుకోవాల్సిన పిల్లకు ఇడ్లీ, చట్నీ, కారప్పొడి అని చెప్పడం నాకిష్టం లేదు, అమ్మ ఐదింటికి లేచి చేస్తే తప్ప అయ్యేది కాదది. రాత్రి అన్నంలో పెరుగు కలిపి పెట్టుకుంటే పొద్దున ఉల్లిపాయ నంజుకుని ఐదు నిమిషాల్లో లేవొచ్చు. అదీ కుదరకపోతే ఉడికించిన గుడ్డు, అరటిపండు. బ్యాగులో వేరుశనగ చెక్కీ పడేసుకో. మాంసం తినే ఇల్లయితే వారానికోసారి మేక కార్జం తెప్పించు, దాంట్లో ఉన్న ఐరన్ ఆకుకూరల్లోని ఐరన్ కన్నా తేలిగ్గా ఒంటికి పడుతుంది. తినకపోతే శనగలు, పప్పు, తోటకూర, నువ్వులు, పక్కన ఓ జామకాయో నిమ్మచెక్కో.

ఇంకొకటి నువ్వు రాయలేదు, నేనే అడుగుతున్నా. బస్సు ఎక్కినప్పటి నుంచి సాయంత్రం ఇంటికి వచ్చేదాకా నీళ్లు తాగుతున్నావా? కాలేజీ బాత్రూంలోకి వెళ్లలేక, దారిలో చోటు లేక, రోజంతా గుక్కెడు నీళ్లు తాగకుండా గడిపే ఆడపిల్లలు ఎంతోమంది. నెల్లూరు ఎండలో అలా ఉంటే కళ్లు తిరగవా మరి. మూత్రం మంట, ఇన్ఫెక్షన్ కూడా దాంతోనే మొదలవుతాయి. ఇందులో నీ తప్పేం లేదు, అది కాలేజీ చేయాల్సిన పని. నలుగురు ఆడపిల్లలు కలిసి ప్రిన్సిపాల్‌కు కాగితం రాసి ఇవ్వండి, తలుపు గొళ్లెం లేదు, నీళ్లు రావట్లేదు, చెత్తబుట్ట లేదు అని విడివిడిగా రాయండి. "సౌకర్యాలు మెరుగుపరచండి" అని రాస్తే ఎవరూ కదలరు.

ప్రశ్న: ఒంగోలులో బీటెక్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటా. పగలు గోల కాబట్టి రాత్రి పదింటి నుంచి మూడింటి దాకా చదువుతా. ఎనిమిదిన్నరకు లేచి టిఫిన్ వదిలేసి క్లాసుకు పరిగెడతా, అక్కడ నిద్ర. చదివింది పరీక్షలో గుర్తుకు రావట్లేదు. కాఫీ, ఎనర్జీ డ్రింకులు తాగినా లాభం లేదు. అటెండెన్స్ 71 శాతం దగ్గర ఉంది. టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు: సార్ కాదు, మేడం. పర్వాలేదులే.

నాయనా, పదింటి నుంచి మూడింటి దాకా ఐదు గంటలు అన్నావు, అందులో చదువు ఎంత? ఒక్క రాత్రి పక్కన కాగితం పెట్టుకుని ఫోన్ పట్టుకున్నప్పుడల్లా టైం రాసుకో, కర్నూలు రోడ్డు బండి దగ్గరికి ఫ్రైడ్ రైస్‌కు పోయి వచ్చిన టైం కూడా. ఎవరికీ చూపించక్కర్లేదు, నీకు తెలిస్తే చాలు.

చదివింది గుర్తుండకపోవడానికి కారణం నీ తెలివి కాదు. పగలు చదివినదాన్ని మెదడు సర్ది పెట్టుకునేది నిద్రలోనే. మూడింటికి పడుకుని ఎనిమిదిన్నరకు లేస్తే ఐదున్నర గంటలు, నీ వయసుకు కావాల్సింది ఏడు నుంచి తొమ్మిది. కాఫీ నిద్రను ఆపుతుంది గానీ నిద్ర చేసే పనిని చేయదు. పైగా తాగిన కెఫీన్‌లో సగం ఖర్చవడానికే ఐదు గంటల దాకా పడుతుంది, రాత్రి పదింటి కాఫీ మూడింటికి కూడా నీ ఒంట్లో సగం ఉన్నట్టే. చిన్న ఎనర్జీ డ్రింకు డబ్బాలో, అంటే 250 మిల్లీలీటర్లలో, దాదాపు 75 మిల్లీగ్రాములు ఉంటుంది, రెండు డబ్బాలు తాగి పడుకుని నిద్ర పట్టట్లేదని తిట్టుకుంటే ఎలా? మధ్యాహ్నం మూడు దాటాక అవేవీ ముట్టుకోకు.

రేపటి నుంచే పదకొండింటికి పడుకుంటానని ఒట్టు పెట్టుకోకు, రెండో రోజుకే తప్పుతుంది. లేచే టైం ముందు ఖాయం చెయ్యి, ఏడు అంటే ఏడే, ఆదివారమైనా సరే. రెండు మూడు రోజులకోసారి అరగంట చొప్పున ముందే పడుకుంటూ రా. మొదటి వారం నరకంలా ఉంటుంది, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇరవై నిమిషాలు కునుకు తీయొచ్చు, అలారం పెట్టుకుని మాత్రమే. పగలు గోల అన్నావు, సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా కాలేజీ లైబ్రరీ ఖాళీగానే ఉంటుంది, హాస్టల్ పిల్లలకు ఆ సంగతి ఎందుకో గుర్తుకే రాదు. ఏడింటికి లేస్తే మెస్‌లో టిఫిన్ కూడా దొరుకుతుంది, సాంబారు నీళ్లలా ఉన్నా సరే తిను.

అటెండెన్స్ సంగతి ఇప్పుడే చూసుకో. జేఎన్‌టీయూ కాలేజీల్లో 75 శాతం ఉండాలి, 65 నుంచి 75 మధ్య ఉంటే ఆరోగ్య కారణం చూపి, ఫీజు కట్టి కండోనేషన్, అంటే మినహాయింపు, అడగొచ్చు, అంతకు తగ్గితే ఆ సెమిస్టర్ పోయినట్టే. సెమిస్టర్ చివర్లో ఎవరి దగ్గరో దొంగ మెడికల్ సర్టిఫికెట్ కొనుక్కునే తెలివితేటలు వద్దు. క్లాస్ టీచర్ దగ్గరికి ఈ వారమే వెళ్లి ఇంకా ఎన్ని క్లాసులున్నాయో, ఎన్నింటికి రావాలో లెక్క వేయించుకో.

ప్రశ్న: మాది టంగుటూరు వైపు. నాన్న పొగాకు వేస్తారు. డిగ్రీ ఫైనల్ ఇయర్, ఒంగోలులో రూమ్. ఆకు కొట్టుడు మొదలైతే శని, ఆదివారాలు ఇంటికి పోయి పొద్దున్నే చేలో దిగుతా, రాత్రి ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర నాన్నకు తోడుంటా. ఆదివారం సాయంత్రానికి తలనొప్పి, వాంతులు, సోమవారం క్లాసులో కూర్చోలేను. ఫ్రెండ్స్ ఎగ్జామ్ టెన్షన్ అంటున్నారు. ఇంటికి పోకపోతే నాన్న ఒక్కడే కష్టపడుతున్నాడని తిండి దిగదు.

జవాబు: ఈ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇది టెన్షన్ అని నాకైతే అనిపించట్లేదు. పొద్దున్నే మంచుతో తడిసిన పచ్చి పొగాకు కోస్తే ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు, నీరసం, ఇవన్నీ కొన్ని గంటల్లో మొదలై ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. సిగరెట్ ముట్టని వాళ్లకు ఇంకా ఎక్కువ. మీ చేలో పనికొచ్చే కూలీలను అడుగు, వాళ్లకు కూడా ఉంటుంది, పైత్యం చేసిందని ఓ నిమ్మకాయ సోడా తాగి ఊరుకుంటారు.

మంచు ఆరాక చేలో దిగు. నిండు చేతుల చొక్కా, చేతులకు రబ్బరు గ్లౌజులు, చంకలో ఆకు మోస్తారు కాబట్టి అక్కడ పాలిథిన్ పట్టా. చొక్కా తడిస్తే వెంటనే మార్చుకో, మధ్యాహ్నం దాకా అదే తొడుక్కుని ఉండకు. పని అవగానే సబ్బుతో స్నానం. నీతోపాటు కూలీలకు కూడా గ్లౌజులు కొనమని నాన్నకు చెప్పు. ఇన్ని చేసినా వాంతులు ఆగకపోతే, లేదా ఆయాసం, గుండెదడ వస్తే ఒంగోలు ప్రభుత్వాసుపత్రికి వెళ్లు, పొగాకు చేలో పనిచేశానని నోరు తెరిచి చెప్పు, నువ్వు చెప్పకపోతే గ్యాస్ మాత్ర రాసి పంపుతారు.

బ్యారన్‌లో మంట రాత్రీ పగలూ చూసుకోవాలి, ఒక్క క్యూరింగ్‌కే వారం దాకా పడుతుంది, అది తెలిసే అంటున్నా, చేలో పని, రాత్రి కాపలా రెండూ నువ్వే పెట్టుకోకు. ఒకటి ఎంచుకో. నాన్నతో "నేను రాను" అనక్కర్లేదు. "నాన్నా, పరీక్షలు ఫలానా తేదీ నుంచి, ఆ ముందు రెండు వారాలు రాలేను, ఆ రెండు వారాలకు ఒక మనిషిని మాట్లాడుకో, ఆ తర్వాత బేళ్లు కట్టే పనంతా నేను చూస్తా" అని పరీక్షల టైంటేబుల్ రాగానే చెప్పు. రైతుకు ముందే చెప్తే సర్దుకుంటాడు, ఆఖరి రోజు చెప్తేనే కోపం. తిండి దిగకపోవడం గురించి నేను చెప్పగలిగేది తక్కువ. నాన్న మీద ప్రేమ ఉన్నోడికి అది ఉంటుంది. కానీ నువ్వు ఒంగోలు రూమ్‌లో పస్తుంటే అక్కడ ఒక్క ఆకు కూడా తెగదు కదా.

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయి వేరే ఊళ్లో ఇంజినీరింగ్. రెండు సబ్జెక్టులు పోయాయి. నెల రోజులుగా ఫోన్ చేస్తే "ఏం లేదులేమ్మా" అని పెట్టేస్తున్నాడు. పండక్కి వచ్చి గదిలోంచి బయటికి రాలేదు, చేపల పులుసంటే ప్రాణం, అది కూడా కెలికి వదిలేశాడు. వాళ్ల నాన్న "మగపిల్లాడికి ఇదేంది" అంటారు. ప్రేమ వ్యవహారమా? తాయెత్తు కట్టించమని మా అత్తగారు అంటున్నారు.

జవాబు: అమ్మా, ప్రేమా కాదా అన్నది తర్వాత. రెండు వారాలకు మించి తిండి, నిద్ర, మాట, ఇష్టమైనవి, అన్నీ ఒకేసారి తగ్గిపోతే అది డిప్రెషన్ కావచ్చు, మగపిల్లలకూ వస్తుంది. పైన మిగతా పిల్లలకు తిండీ నిద్రా అని చెప్పాను, ఇక్కడ మాత్రం వాటితో సరిపెట్టకండి. తాయెత్తు అత్తగారి తృప్తికి కట్టించుకోండి, దాంతో ఆగిపోవద్దు.

ఫోన్‌లో అడగొద్దు, బస్సెక్కి వెళ్లండి. "తిన్నావా, ఎన్ని మార్కులొచ్చాయి" వద్దు. "నువ్వు మునుపటిలా లేవురా, నాకు భయంగా ఉంది, ఏం చెప్పినా తిట్టను" అని చెప్పి మాట్లాడకుండా కూర్చోండి. వాళ్ల నాన్నను ఆ పూటకు ఇంట్లోనే ఉంచండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అది నిజం కాదు. అవునంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాదన్నా సరే మానసిక వైద్యుడికి చూపించండి, నెల్లూరు ప్రభుత్వాసుపత్రిలో ఓపీ ఉంది. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలీ మానస్, నంబర్ 14416. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది, ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. వాడు చేయకపోతే మీరే చేసి ఏం చేయాలో అడగొచ్చు.

ఊళ్లో తెలిస్తే రేపు ఉద్యోగం, పెళ్లి ఏమవుతాయని వాళ్ల నాన్న అంటారు, ఖాయంగా అంటారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం వైద్యం వివరాలు గోప్యంగా ఉంచడం డాక్టర్ బాధ్యత. పోయిన సబ్జెక్టులు సప్లిమెంటరీలో రాసుకోవచ్చు. ఆ మాట వాడికి మీ నోటి నుంచి, నాన్న నోటి నుంచి కూడా వినపడాలి.

ప్రశ్న: ఆదివారం ఫ్రెండ్స్‌తో మైపాడు బీచ్‌కు పోతే చదువు పాడవుతుందని ఇంట్లో తిడుతున్నారు. పోవచ్చా?

జవాబు: పో. వారంలో ఒక పూట పుస్తకం ముట్టకపోతే ఏ చదువూ పాడవదు. కానీ మోకాళ్లు దాటి నీళ్లలోకి దిగొద్దు, అక్కడ అలల లాగుడు పైకి కనపడదు, ఈతొచ్చినోళ్లు కూడా పోయారు. మందు తాగి అసలే దిగొద్దు. తిరిగొచ్చేటప్పుడు బండి మీద ముగ్గురు ఎక్కొద్దు. ఎన్నింటికి ఇంటికొస్తావో అమ్మకు చెప్పి వెళ్లు, ఆ టైంకే రా, తిట్లు సగం తగ్గుతాయి.