లిథియం మొదలుపెట్టిన ఇంటికి

చి. మాధవికి, ఆశీస్సులు.

తమ్ముడికి బైపోలార్ జబ్బని (మనసు ఒకసారి మేనియా అనే ఉద్రేకంలోకి, ఒకసారి దిగుల్లోకి వెళ్లే జబ్బు) లిథియం మొదలుపెట్టారని రాశావు. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ దీన్ని మేనియాకి వాడి చూపించాడు. తర్వాత ఎన్ని మందులొచ్చినా జబ్బు తిరగబెట్టకుండా చూడడంలో దీని పీట దీనిదే. కాకపోతే పట్టింపులు ఎక్కువ. పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ ఎడం చాలా తక్కువ.

రక్తంలో లిథియం లెవెల్ మామూలుగా లీటరుకి 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ మధ్య ఉండాలి. ఆఖరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. రాత్రి 9కి వేసుకుంటే పొద్దున 9కి, పొద్దుటి మాత్ర ఉంటే అది మింగకుండా ల్యాబ్‌కి వెళ్లాలి. మింగి వెళ్తే అంకె లేనిపోని ఎత్తు చూపిస్తుంది, దాన్ని నమ్మి మోతాదు తగ్గించేస్తారు. మోతాదు మార్చిన ప్రతిసారీ వారానికి, నిలకడ పడ్డాక మొదటి ఏడాది మూడు నెలలకోసారి పరీక్ష. ఆర్నెల్లకోసారి క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), థైరాయిడ్, కాల్షియం కూడా.

అసలు తిప్పలు వంటింట్లోనే. ఒంట్లో ఉప్పు తగ్గితే కిడ్నీ సోడియంతో పాటు లిథియాన్నీ బయటికి పోనివ్వదు. అమ్మ బీపీ కోసం ఇంటిల్లిపాదీ చప్పిడి తింటుంటే వాడి కంచంలో ఉప్పు ఎప్పటిలాగే పడేలా చూడు. మే ఎండల్లో నీళ్లు ఎక్కువ తాగించు. నీళ్లు కూడా ముట్టని ఉపవాసాలు వద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే తర్వాతి మాత్ర వేసేముందే డాక్టరుకి ఫోన్ చెయ్యి.

మెడికల్ షాపులో అడక్కుండానే ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు లిథియం లెవెల్ పెంచేస్తాయి. జ్వరానికైనా నొప్పికైనా పారాసిటమాల్ చాలు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలదీ అదే గొడవ. వేళ్లు సన్నగా వణకడం మామూలే. గ్లాసులో కాఫీ ఒలికేంత వణుకు, మాట ముద్దగా రావడం, నడక తూలడం కనిపిస్తే మాత్ర ఆపి ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లు, తెల్లారనీ అనుకోవద్దు.

మేనియా అంటే పట్టలేని సంతోషమో కోపమో అనే చూసేవారు. 2013లో డీఎస్ఎం-5 (మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం) వచ్చాక, దానితో పాటు ఒంట్లో చురుకు పెరగడం కూడా తప్పనిసరి గుర్తయింది. మన ఇళ్లకి పనికొచ్చే మార్పిది. వాడు నవ్వుతున్నాడా లేదా అన్నది వదిలేసి నిద్ర చూడు. మూడు గంటలే పడుకుని అలసట లేకుండా లేస్తుంటే, రెండో రోజుకే డాక్టరుకి చెప్పు. దిగులుగా ఉన్నాడని ఎప్పటివో డిప్రెషన్ మాత్రలు మాత్రం నువ్వుగా ఇవ్వకు, మేనియాలోకి తోసేయగలవు.

ఆర్నెల్లు బాగుంటే "ఇంకా ఎందుకే ఆ మాత్రలు" అనే చుట్టం ఎవరో ఒకరు వస్తారు. ఠక్కున ఆపితే మేనియా వారాల్లోనే తిరగబెట్టొచ్చు. ఆపాల్సి వచ్చినా డాక్టరు చూపులో, కనీసం నాలుగు వారాలు, వీలైతే మూడు నెలలు పట్టేలా తగ్గించాలి. వేళకాని వేళ ఎవరినైనా అడగాల్సి వస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు.

మీ పెద్దమ్మ