పదహారు గడుల ఆట పది గడుల్లో ఎలా ఇముడుతుంది?

ప్రశ్న: చిన్నప్పుడు మా ఇంట్లో టీవీకి తగిలించుకునే వీడియో గేమ్ ఉండేది. అందులో ఆడిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ తరహాలో, చేతిలో పట్టుకుని ఆడే పాత గేమ్ బాయ్‌లో నడిచే ఒక ఆటను నేర్చుకోవడం కోసం సొంతంగా తయారుచేస్తున్నాను. బొమ్మలను తెరకు సరిపడా కుదిస్తే హీరో ముఖం మచ్చలా మిగులుతోంది. పాత పరిమాణంలోనే ఉంచితే ముందున్న గొయ్యి కనిపించేలోపే వాడు అందులో పడిపోతున్నాడు. తప్పు నా ప్రోగ్రామ్‌లో ఉందా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: ప్రోగ్రామ్‌ను అనుమానించే ముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. మీ ఇంట్లో ఉన్నది బహుశా, 1983లో జపాన్‌లో విడుదలైన నింటెండో వారి టీవీ ఆట యంత్రం ఫ్యామికామ్‌కు నకలుగా మన బజార్లలో అమ్మిన యంత్రాల్లో ఒకటి. ఫ్యామికామ్ చిత్రం అడ్డంగా 256, నిలువుగా 240 పిక్సెళ్లు (చిత్రాన్ని కూర్చే చుక్కలు) ఉంటుంది. 1989లో వచ్చిన గేమ్ బాయ్ తెర అడ్డంగా 160, నిలువుగా 144 మాత్రమే. వైశాల్యం లెక్కన చూస్తే ఇది సరిగ్గా ఎనిమిదింట మూడు వంతులు. మారియో ఆటలో ఒక్కో ఇటుక 16 పిక్సెళ్ల గడి కాబట్టి, టీవీ మీద అడ్డంగా 16 గడులు కనిపించే చోట గేమ్ బాయ్‌లో 10 గడులే కనిపిస్తాయి.

ఇప్పుడు దీన్ని కాలంలోకి మార్చి చూడండి. పూర్తి వేగంతో పరుగెత్తే మారియో ఒక్కో ఫ్రేమ్‌కు (తెర మీద సెకనుకు సుమారు 60 సార్లు మారే చిత్రాల్లో ఒక్కోదానికి) రెండున్నర పిక్సెళ్ల చొప్పున, అంటే సెకనుకు సుమారు 150 పిక్సెళ్లు ముందుకు వెళ్తాడు. అతడు తెర నడిమధ్యన ఉన్నాడనుకుంటే టీవీ మీద అతడి ముందు 128 పిక్సెళ్ల దారి, అంటే 0.85 సెకను ఉంటుంది. గేమ్ బాయ్ మీద 80 పిక్సెళ్లు, అంటే 0.53 సెకను. మీ హీరో గోతిలో పడుతున్నది ఈ తేడాలోనే. ఆ మూడో వంతు సెకనును తిరిగి సంపాదించి పెట్టడమే మీ అసలు పని.

పెద్ద కంపెనీలు కూడా ఇక్కడ తడబడ్డాయి. 1991లో గేమ్ బాయ్‌కి వచ్చిన తొలి ‘మెగా మ్యాన్’లో హీరో బొమ్మను దాదాపు పాత పరిమాణంలోనే ఉంచడంతో గదులన్నీ ఇరుకైపోయాయి. గేమ్ బాయ్ తెర కొలతలే ఉన్న సెగా కంపెనీ చేతి యంత్రం గేమ్ గేర్‌లో, 1992 నాటి ‘సోనిక్ 2’ మొదటి బాస్ (దశల చివర ఎదురయ్యే పెద్ద శత్రువు) దగ్గర వాలు మీద ఎగురుతూ వచ్చే బంతులు తెరలోకి వచ్చీరాగానే తగులుతాయి; అదే ఆటను ఇంటి టీవీకి పెట్టే మాస్టర్ సిస్టమ్‌లో ఆడిన వారికి ఈ బాధ చాలా తక్కువ. 1999లో మారియో ఆటనే గేమ్ బాయ్ కలర్‌కు ‘డీలక్స్’ పేరుతో తెచ్చినప్పుడు బొమ్మలు కుదించకుండా, పైకీ కిందికీ తొంగిచూసే వీలును ఆటగాడికి ఇచ్చారు. అది తెలివైన సర్దుబాటే గానీ, పరుగెత్తుతూ తొంగిచూసే తీరిక ఎవరికుంటుంది? నాకు నచ్చినది 1994 నాటి గేమ్ బాయ్ ‘డాంకీ కాంగ్’. అది 1981 ఆర్కేడ్ ఆటలోని నాలుగు దశలతో మొదలై, ఆ తరువాత ఆ చిన్న తెర కోసమే కొత్తగా కట్టిన దశలతో మొత్తం 101కి చేరుతుంది.

మీరు చేయదగినది ఇది. హీరోను తెర మధ్యలో కాక ఎడమ అంచుకు 48 పిక్సెళ్ల దూరంలో నిలిపితే ముందున్న దారి 112 పిక్సెళ్లవుతుంది. వేగాన్ని ఫ్రేమ్‌కు రెండు పిక్సెళ్లకు, అంటే సెకనుకు 120కి తగ్గిస్తే 0.93 సెకను దొరుకుతుంది. ఇది టీవీ కన్నా మెరుగు. అయితే వేగం తగ్గితే దూకు పొడవు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది కనుక, ఐదు గడుల గోతిని నాలుగు గడులకు కుదించక తప్పదు. అంటే దశలన్నీ మళ్లీ కట్టుకోవాలి. హీరో వెనక్కి తిరిగినప్పుడు దృశ్యం ఒక్క గెంతులో అటు మారకూడదు, మెల్లగా జరగాలి. నిలువున తొమ్మిది గడులే ఉన్నాయి కాబట్టి ప్రతి దూకుకూ దృశ్యాన్ని పైకి లేపకండి; హీరో పై మెట్టు మీద కాలు మోపిన తరువాతే లేపండి.

బొమ్మలను సాఫ్ట్‌వేర్‌తో కుదించవద్దు, చిన్న కొలతలో కొత్తగా గీయండి. గేమ్ బాయ్‌లో ఛాయలు నాలుగే; కదిలే బొమ్మలకు అందులో ఒకటి పారదర్శకంగా పోతే మిగిలేవి మూడు. హీరోకు ముదురు అంచు ఇచ్చి, నేపథ్యాన్ని లేత ఛాయల్లో, వీలైనంత ఖాళీగా ఉంచండి. ఒకే వరుసలో పది స్ప్రైట్లకు (8 పిక్సెళ్ల వెడల్పున్న కదిలే బొమ్మ ముక్కలకు) మించి కనబడవని, 16 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మకు రెండేసి ఖర్చవుతాయని కూడా గుర్తుంచుకోండి; ఆరో శత్రువు వరుసలోకి వస్తే ఎవరో ఒకరు మాయమవుతారు. యంత్రం మెమరీ గురించి మాత్రం బెంగ వద్దు. ఫ్యామికామ్‌కు 2 కిలోబైట్ల ర్యామ్ ఉంటే గేమ్ బాయ్‌కి 8 ఉంది.

ప్రశ్న: కంప్యూటర్‌లో చక్కగా కనిపించే ఆట అసలు గేమ్ బాయ్‌లో ఎందుకు మసకగా ఉంటుంది?
– పాఠకురాలు, గోపాలపట్నం

జవాబు: ఆ తెరకు సొంత వెలుగు లేదు, బయటి వెలుతురును తిప్పికొట్టి చూపిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో మన ఫోన్ తెర వెలవెలబోతుంది గానీ ఆ పాత యంత్రం హాయిగా కనిపిస్తుంది. అదే యంత్రాన్ని అరకు రైల్లో పట్టుకెళ్తే, సొరంగం వచ్చిన ప్రతిసారీ ఆట ఆపుకోవలసిందే. పైగా దాని పిక్సెళ్లు నెమ్మదిగా మారతాయి కాబట్టి, దృశ్యం జరిగినప్పుడు సన్నని గీతలున్న నేపథ్యం అలికినట్లవుతుంది. 2001 నాటి గేమ్ బాయ్ అడ్వాన్స్‌కు కూడా మొదట్లో వెలుగు లేదు. 2003లో ఎస్పీ మోడల్‌తో తెరను ముందు వైపు నుంచి వెలిగించే దీపం వచ్చింది. మొదట్లో వెలుగు లేనందుకే, టీవీకి పెట్టే సూపర్ నింటెండో ఆటలను అడ్వాన్స్‌లోకి తెచ్చినప్పుడు రంగులను బాగా లేతగా మార్చారు. ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో ఆ యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్‌లో) సరిచూసుకున్న ఆటను, ఒక్కసారైనా అసలు యంత్రంలో, ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద ఆడి చూడండి.

ప్రశ్న: పాత ఆటలోని బొమ్మలనే వాడి ఉచితంగా పంచితే తప్పా?
– పాఠకుడు, గాజువాక

జవాబు: తప్పే. ఉచితంగా ఇచ్చినంత మాత్రాన కాపీరైట్ పోదు. పరుగెత్తడం, దూకడం అనే ఆలోచన అందరిదీ. బొమ్మలు, సంగీతం, దశల అమరిక మాత్రం మీ సొంతమై ఉండాలి.

ప్రశ్న: టీవీ ఆట కోసం కట్టిన బాణీని గేమ్ బాయ్‌లోకి మార్చడం సాధ్యమేనా?
– సంగీత విద్యార్థి, సీతమ్మధార

జవాబు: బొమ్మల కన్నా సులువు. రెండింటిలోనూ స్వరాలు పలికే రెండు పల్స్ వాహికలు (ఛానెళ్లు), చప్పుళ్లకు పనికొచ్చే ఒక నాయిస్ వాహిక ఉన్నాయి. ఫ్యామికామ్‌లోని త్రిభుజాకార తరంగాన్ని గేమ్ బాయ్ వేవ్ వాహికలో 32 బిందువులతో గీసుకోవచ్చు. చిక్కు స్పీకర్‌తోనే వస్తుంది: అది మరీ చిన్నది కావడం వల్ల మంద్ర స్వరాలు వినబడవు కాబట్టి వాటిని ఒక స్థాయి పైకి జరపండి. దూకినప్పుడు వచ్చే చప్పుడు కోసం ఒక వాహిక కాసేపు బాణీని వదిలిపెడుతుంది గనుక, ప్రధాన స్వరం ఉన్న వాహికను దానికి ఇవ్వకండి.