బటన్ స్టార్ట్ కోసం లక్ష ఎక్కువ పెట్టాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. నేను ప్రభుత్వ టీచర్‌ని, మా వారిది ప్రైవేటు ఉద్యోగం. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి 92 వేలు వస్తాయి. మొదటిసారి కారు కొంటున్నాం. తాళంతో స్టార్టయ్యే వేరియంట్ ఎక్స్‌షోరూం ధర 8.10 లక్షలు, బటన్ స్టార్ట్ ఉన్నది 8.95 లక్షలు. డౌన్ పేమెంటుకు రెండున్నర లక్షలు ఉన్నాయి, మిగతాది లోన్. ‘ఏడేళ్లకు పెట్టుకుంటే నెలకు పదహారు వందలే తేడా, బటన్ లేకపోతే రేపు రీసేల్ కూడా ఉండదు’ అంటున్నారు షోరూంవాళ్లు. మా వారికి బటన్‌దే కావాలి. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు కూడా తాళం కార్లయితే ఇట్టే ఎత్తుకుపోతారు, వద్దంటున్నాడు. నాకేమో గాజులు పెట్టి తెచ్చిన రెండు లక్షల గోల్డ్ లోన్ ఇంకా తీరలేదని టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: తాళంతో ఉన్నదే తీసుకోండి అమ్మా. మీ వారి మాటను, తమ్ముడి మాటను కొట్టిపారేయడం లేదు. తమ్ముడు చెప్పినదాంట్లో నిజం ఉంది, దాని దగ్గరికీ వస్తాను. ముందు డబ్బు లెక్క చూద్దాం.

రెండింటికీ తేడా 85 వేలు అనుకుంటున్నారు కదా, అది బోర్డు మీది ధర. తెలంగాణలో మీ ధరల్లోని కారుకు లైఫ్ ట్యాక్స్ (కారు కొన్నప్పుడు ఒకేసారి కట్టే రోడ్డు పన్ను) 14 శాతం. అంటే ఆ 85 వేల మీద మరో 11,900. కారు విలువ పెరిగితే ఇన్సూరెన్స్ ప్రీమియమూ పెరుగుతుంది, మొదటి ఏడాదికి ఓ మూడు వేలు వేసుకోండి. రోడ్డెక్కేసరికి తేడా లక్ష. (మీలాగే అడిగే మిగతావాళ్లకు ఒక మాట: పై వేరియంట్ ధర 10 లక్షలు దాటుతుంటే ఇంకా జాగ్రత్తగా చూడండి. అక్కడ ట్యాక్స్ స్లాబు మారుతుంది, పెరిగిన శాతం మొత్తం ధర మీద పడుతుంది.)

ఈ లక్షా మీ చేతిలో లేదు, లోన్‌లో కలుస్తుంది. తొమ్మిదిన్నర శాతం వడ్డీ, ఏడేళ్లు అనుకుంటే నెలకు 1,634 రూపాయలు. షోరూంవాళ్లు చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే ఆ 1,634ని 84 నెలలు కట్టాలన్నది గట్టిగా చెప్పరు. మొత్తం 1,37,000 పైమాటే. ఒక బటన్, దాంతోపాటు వచ్చే అల్లాయ్ చక్రాలు, ఆటోమేటిక్ ఏసీ, ఇంకో రెండు మూడు హంగులు కలిపి మీకు పడే అసలు ఖరీదు అది.

అంతకన్నా నన్ను కలవరపెట్టింది ఆ ఏడేళ్ల మాట. తాళం వేరియంటే తీసుకున్నా ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపి 9.70 లక్షల దాకా అవుతుంది. రెండున్నర పోతే లోన్ 7.20 లక్షలు. ఏడేళ్లయితే ఈఎంఐ సుమారు 11,770, ఐదేళ్లయితే 15,120. ఈఎంఐ తక్కువ కదా అని ఏడేళ్లు పెట్టుకుంటే వడ్డీ కిందే దాదాపు 81 వేలు ఎక్కువ కడతారు. చూశారా, బటన్ లేని కారు కొని కూడా బటన్‌కు బోర్డు మీద ఉన్న తేడా అంత వడ్డీకి పోయడమే. 15,120 అంటే మీ జీతాల్లో ఆరో వంతు, మోయగలిగిన బరువే. ఐదేళ్లకే పెట్టుకోండి.

ఐదేళ్ల లోన్‌లో ఆ అదనపు లక్షకు అయ్యే ఈఎంఐ నెలకు 2,100. ఆ డబ్బును గోల్డ్ లోన్ అసలుకు జమ చేయండి. పార్ట్ పేమెంట్ ఎలా తీసుకుంటారో మీ బ్యాంకులో అడగండి. నెలనెలా కుదరకపోతే విడిగా ఒక ఖాతాలో వేసి, రెన్యువల్ రోజున 25,200 ఒకేసారి అసలుకు కట్టండి. చాలామంది వడ్డీ మాత్రం కట్టి లోన్ తిరగరాయించుకుంటారు, గాజులు ఏళ్ల తరబడి బ్యాంకులోనే ఉండిపోతాయి. మీ గాజులు అలా కాకూడదని నా కోరిక.

ఇక రీసేల్. 1990ల చివర్లో మెర్సిడెస్ తన ఖరీదైన ఎస్-క్లాస్‌ కారులో తాళం పెట్టనక్కర్లేని పద్ధతి తెచ్చినప్పుడు అది కోటీశ్వరుల ముచ్చట. ఇవాళ అదే తొమ్మిది లక్షల కారులోకి వచ్చేసింది. ఐదారేళ్లు పోతే పాత కార్ల మార్కెట్లో అందరి కార్లకూ ఉంటుంది, దాని కోసం విడిగా ఎవరూ పెద్ద ధర ఇవ్వరు. కొనేవాళ్లు చూసేది కిలోమీటర్లు, సర్వీసు రికార్డు, పెయింటు. ఇంకోటి కూడా అడుగుతారు: రెండో తాళం ఉందా? లేదంటే అక్కడే బేరం మొదలవుతుంది.

మీ తమ్ముడి మాటకొస్తే, అమెరికాలో ఉండి ఆయన చూసింది నిజమే. అక్కడ 2011 నుంచి 2021 దాకా వచ్చిన హ్యుందాయ్, కియా కార్లలో తాళంతో స్టార్టయ్యే చాలా మోడళ్లకు ఇమ్మొబిలైజర్ పెట్టలేదు. ఇమ్మొబిలైజర్ అంటే తాళంలోని చిప్‌ను కారు గుర్తుపడితేనే ఇంజిన్ స్టార్టయ్యే ఏర్పాటు. వాటిని ఎలా ఎత్తుకుపోవచ్చో టిక్‌టాక్ వీడియోల్లో చూపించేసరికి కుర్రాళ్లు ఎగబడ్డారు. కొన్ని నగరాల్లో పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీలే ఆ కార్లకు కొత్త పాలసీలు ఆపేశాయి. అవే కంపెనీల బటన్ స్టార్ట్ కార్లకు ఆ బెడద రాలేదు. అక్కడ కాపాడింది బటన్ కాదు, వాటిలో ఉన్న ఇమ్మొబిలైజర్. కాబట్టి షోరూంలో అడగాల్సిన ప్రశ్న ఒకటే: ‘ఈ తాళం వేరియంట్‌లో ఇంజిన్ ఇమ్మొబిలైజర్ ఉందా?’ నోటిమాట సరిపోదు, బ్రోషర్‌లో ఆ మాట మీద వేలు పెట్టి చూపించమనండి. లేదంటే ఆ మోడలే వద్దు.

బటన్ కార్ల దొంగతనం వేరే రకం. జేబులో రిమోట్ దగ్గరగా ఉందని కారు అనుకుంటేనే తలుపు తెరుచుకుంటుంది కదా. ఇద్దరు దొంగలు రెండు పరికరాలతో వస్తారు. ఒకడు మీ ఇంటి గోడ పక్కన, ఇంకొకడు కారు దగ్గర నిలబడి, ఇంట్లో ఉన్న రిమోట్ సిగ్నల్‌ను కారు దాకా చేరవేస్తారు. 2011లో స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు ఎనిమిది కంపెనీలకు చెందిన పది మోడళ్ల మీద ఈ కిటుకు పరీక్షిస్తే పదీ లొంగిపోయాయి. ఆ తర్వాత కొన్ని కంపెనీలు జాగ్రత్తలు పెంచాయి. ఇప్పటికే బటన్ కారు ఉన్నవాళ్లు రిమోట్‌ను వీధి తలుపు పక్కన మేకుకు తగిలించకుండా, లోపలి గదిలో మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో పెట్టుకోండి.

తాళం పోతే అయ్యే ఖర్చు మా ఇంట్లోనే చూశాను. 2015 గోదావరి పుష్కరాలకు రాజమండ్రి వెళ్లినప్పుడు మా అన్నయ్య రిమోట్ జేబులో పెట్టుకునే మూడు మునకలు వేశాడు. ఒడ్డుకొచ్చి లాల్చీ పిండుకుంటుంటే గుర్తొచ్చింది. విప్పి చూస్తే లోపలి రూపాయి బిళ్లంత బ్యాటరీ చుట్టూ నీళ్లు, సన్నని ఇసుక. రిమోట్ లోపల దాగి ఉండే ఇనుప తాళంతో తలుపు తెరిచాడు కానీ కారు స్టార్ట్ కాలేదు. రెండో రిమోట్ హైదరాబాద్‌లో బీరువాలో ఉంది. మా మేనల్లుడు రాత్రి బస్సెక్కి తెచ్చిచ్చేదాకా ఆ జనంలో, ఆ ఎండలో వదిన, పిల్లలు కారు పక్కనే. కొత్త రిమోట్‌కు, దాన్ని కారుకు జత చేయడానికి కలిపి 14 వేలు అయింది. చిప్ ఉన్న మామూలు తాళం పోయినా ఖర్చే, కాకపోతే సాధారణంగా ఇంత కాదు.

అందుకే ఏ వేరియంట్ కొన్నా పాలసీలో కీ రీప్లేస్‌మెంట్ కవర్ అడగండి. ఏడాదికి కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. జీరో డెప్రిసియేషన్ (పార్టులు మారిస్తే అరుగుదల పేరుతో కోత వేయని కవర్) ఉంది కదా, తాళం పోయినా అదే చూసుకుంటుంది అనుకుంటారు చాలామంది. చూసుకోదు. ఏడాదిలో ఎన్నిసార్లు ఇస్తారు, ఎంత వరకు ఇస్తారు, పోలీసు ఫిర్యాదు కావాలా అన్నవి పాలసీ కాగితంలో చదివి సంతకం పెట్టండి.

బటన్‌కు నేనే సరేనన్న సందర్భాలూ ఉన్నాయి. నా దగ్గరికొచ్చే ఒక రిటైర్డ్ పెద్దాయనకు వేళ్ల కీళ్లు వాచిపోయి ఉంటాయి. పాత కారు తాళం తిప్పడానికి కుడిచేతి వేళ్ల మీద ఎడమచేతి వేళ్లు వేసి, పళ్ల బిగువున తిప్పడం పక్క సీట్లో కూర్చుని చూశాను. ఆయనకు ఆ లక్ష దండగ అని ఎలా అంటాను? మీ ఇంట్లో నడిపేవాళ్లెవరికైనా అలాంటి ఇబ్బంది ఉంటే నా లెక్కంతా పక్కన పెట్టి బటన్‌దే తీసుకోండి. అలాగే ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ (కారు జారి అదుపు తప్పకుండా చూసే ఏర్పాటు) లాంటి భద్రత విషయంలో రెండు వేరియంట్లకూ తేడా ఉందేమో చూడండి. ఉంటే ఆ డబ్బు పెట్టాల్సిందే, ఇద్దరి జీతాల మీద నడిచే ఇల్లు మీది. రెండూ కానప్పుడు, మీ వారికి బటన్ ముచ్చటగా ఉందన్నది ఒక్కటే కారణమైతే, నా సలహా మారదు. తర్వాత బయట షాపులో బటన్ కిట్ పెట్టిద్దామని ఆయన అంటే మాత్రం ఒప్పుకోకండి. వైరింగ్ కోస్తే వారంటీ దగ్గర చిక్కులొస్తాయి.

డెలివరీ రోజున పూలదండలు, ఫొటోల హడావుడిలో మరిచిపోకుండా రెండు తాళాలూ మీ చేత్తో తీసుకోండి. తాళం నంబరు చెక్కిన చిన్న బిళ్ల ఇస్తే ఫొటో తీసి దాచండి. కారు పోయి దొంగతనం క్లెయిమ్‌కు వెళ్తే ఇన్సూరెన్స్‌వాళ్లు ఎఫ్‌ఐఆర్, ఆర్‌సీతోపాటు రెండు ఒరిజినల్ తాళాలూ అడుగుతారు. ఒకటే చూపించగలిగినందుకు నెలల తరబడి ఉత్తరాలు రాస్తూ తిరిగినవాళ్లు నాకు తెలుసు. రెండోది ఆర్‌సీ, పాలసీ కాగితాలున్న ఫైల్లోనే పెట్టండి. మీ అమ్మగారింట్లో పెట్టినా పర్లేదు, కారు డాష్‌బోర్డులో మాత్రం వద్దు.