మీ నాన్న పాత మెయిళ్ల సంగతి

పర్లాకిమిడి

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న మస్కట్ నుంచి తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లో పాత ఔట్‌లుక్ ఫైల్ దొరికిందటగా. అందులోని మెయిళ్లన్నీ అందరం చదువుకునేలా మారుస్తానన్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. మనింట్లో ఇన్నేళ్లకి ఆ ఆలోచన వచ్చింది నీకే. ఎంత సంతోషించానో! కానీ పని అవగానే ఆ డిస్క్ తుడిచేసి సినిమాలు దాచుకుంటానన్నావట. ఆ మాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. వద్దమ్మా. ఆ డిస్క్ జోలికి వెళ్లావంటే ఊరుకోను.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. నీకు దొరికిన ఆ ఔట్‌లుక్ ఫైల్‌నే పీఎస్‌టీ ఫైల్ అంటారు, మెయిళ్లన్నీ దాన్లోనే ఉంటాయి. దాన్ని రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చెయ్యి. అసలుదాన్ని ఔట్‌లుక్‌లో తెరవకు, తెరిస్తేనే ఫైల్ మారిపోతుంది. 2002 దాకా వచ్చిన ఔట్‌లుక్‌లో ఆ ఫైల్ 2 జీబీ దాటితే పాడైపోయేది, అందుకని సైజు కూడా చూడు. తర్వాత కాపీ మీద రీడ్‌పీఎస్‌టీ అనే ప్రోగ్రామ్ నడిపి, ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలయ్యేలా ఈఎంఎల్ ఫైళ్లుగా తీసుకో. అవి థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో తెరుచుకుంటాయి. చదువుకోవడానికి పీడీఎఫ్ చేస్తే చెయ్యి గానీ అదొక్కటే ఉంచుకోకు, అటాచ్‌మెంట్లు జారిపోతాయి. ఉచితంగా మార్చిపెడతామనే వెబ్‌సైట్లకు మాత్రం ఎక్కించకు. అవి మన ఇంటి మాటలు.

ఇక నేను చేసిన పని చెప్తాను.

2001లో కంప్యూటర్ కొన్నాను. మీ నాన్నకి మెయిళ్లు రాయడానికి ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అనే ప్రోగ్రామ్ వాడేవాళ్లం. ఆదివారం పొద్దున్నే మీ నాయనమ్మ నా పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. మోనిటర్ మీద చెయ్యి ఆనించి, "ఏటి నానా, తిన్నావా?" అని మొదలుపెట్టేది, అక్కడ మీ నాన్న కూర్చున్నట్టే. తెలుగు కొట్టడం నాకు రాదు, ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టేవాణ్ణి. పంపే ముందు "ఏదీ, సదువు" అనేది. చదివితే రెండు మాటలు మార్పించేది. అప్పుడుగానీ సెండ్ నొక్కనిచ్చేది కాదు.

2008లో కంప్యూటర్ మొరాయించింది. ఫార్మాట్ చేయాలన్నారు. మెయిళ్లన్నీ ఒకే ఫైల్‌లో ఉంటాయనుకుని వచ్చిన మెయిళ్లుండే ఇన్‌బాక్స్ డీబీఎక్స్ అనే ఫైల్ ఒక్కటీ సీడీలోకి ఎక్కించాను. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో ప్రతి ఫోల్డర్‌కీ ఒక ఫైల్ ఉంటుందని నాకు తెలీదు. సీడీ తెరిచి చూడకుండానే ఫార్మాట్ కానిచ్చేశాను. మూడు రోజుల తర్వాత చూస్తే మీ నాన్న రాసినవన్నీ ఉన్నాయి. అమ్మ చెప్పి రాయించినవి ఒక్కటీ లేదు. పంపిన మెయిళ్లుండే సెంట్ ఐటమ్స్ ఖాళీ. నాకు చెమటలు పట్టేశాయి. అమ్మకి చెప్పలేదు. మరుసటేడు ఆవిడ పోయింది.

అందుకే చెప్తున్నా, లెక్క చూసుకోమ్మా. ప్రతి ఫోల్డర్‌లో పాత ఫైల్‌లో ఎన్ని మెయిళ్లున్నాయో, మార్చాక ఎన్నున్నాయో కాగితం మీద రాసుకో. సరిపోయాక కూడా నాలుగైదు తెరిచి చదువు. కొన్నిటిలో అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. మీ నాన్న అప్పటి తెలుగు ఫాంట్లతో కొట్టినవి అయ్యుండొచ్చు. ఆ ఫాంట్ లేకపోతే అలాగే కనిపిస్తాయి. చెత్త అనుకుని తీసెయ్యకు, తర్వాత యూనికోడ్‌లోకి, అంటే ఇప్పుడు ఫోన్లలో వాడే తెలుగులోకి మార్చుకోవచ్చు.

మీ నాన్నకి వచ్చిన మెయిళ్లలో నా అడ్రసుతో వెతుకు. నేను పోగొట్టుకున్నవి వాడి ఇన్‌బాక్స్‌లో ఉండాలి. 2004లో నౌపడా–గుణుపురం చిన్న రైలును గేజి మార్పిడికని ఆపేసినప్పుడు అమ్మ ఒక పెద్ద మెయిల్ రాయించింది. చిన్నప్పుడు మీ నాన్న ఆ రైలు కూత వినగానే అన్నం వదిలేసి ఎలా పరిగెత్తేవాడో అంతా చెప్పింది. ముందు అది చూడు. దొరికితే ఫార్వర్డ్ చెయ్యకు తల్లీ, ఫోన్ చేసి నువ్వే చదివి వినిపించు. రాత్రి ఎంత పొద్దుపోయినా ఫరవాలేదు, మెలకువగానే ఉంటాను.

మీ పెదనాన్న