వేరు తినే పెంకు పురుగు, అటక మీది ప్యాకెట్

ప్రశ్న: నాన్న పత్తి, మక్క వేస్తారు. నేను బీఎస్సీ రెండో సంవత్సరం. పురుగును చంపే విషాన్ని తనలోనే తయారు చేసుకునేలా జన్యువు మార్చిన మక్కను బీటీ మక్క అంటారట. అమెరికాలో దాన్ని కూడా తట్టుకునే పెంకు పురుగు వచ్చిందని క్లాసులో చెప్పారు. విషం మొక్కలోనే ఉంటే పురుగు ఎట్లా బతుకుతుంది సార్? అది మన చేలకూ వస్తుందా?
– ఒక విద్యార్థిని, దేవరకొండ

జవాబు: ముందు టెన్షన్ తీసెయ్యి బిడ్డా. ఆ పురుగు మన దేశంలో లేదు. బీటీ మక్క సాగుకు ఇక్కడ అనుమతే లేదు. మీ చేనులో మక్క సుడిలో దూరి, రంపపు పొట్టులాంటి పెంట వదిలేది కత్తెర పురుగు. అది 2018లో మన దేశంలో కనిపించింది.

అమెరికా వాళ్లది వెస్టర్న్ కార్న్ రూట్‌వార్మ్. మక్క మొదళ్ల దగ్గర మట్టిలో గుడ్లు పెడుతుంది. చలికాలమంతా గుడ్డు నేలలోనే. మరుసటి ఏడు మళ్లీ మక్క వేస్తే, పిల్ల పురుగు బయటికొచ్చి వేళ్లు తింటుంది. వేరు పోయిన కర్ర గాలికి ఒరిగి, లేవబోయి బాతు మెడలా వంకర తిరుగుతుంది.

దీని కోసమే 2003లో ఒక బీటీ మక్క తెచ్చారు. 2009లో అయోవా రాష్ట్రంలో కొన్ని చేలలో అదే మక్క వేళ్లు బాగా దెబ్బతిన్నాయి. అయోవా స్టేట్ యూనివర్సిటీలో ఆరన్ గాస్‌మన్ బృందం ఆ చేల పురుగులను పట్టుకొచ్చి, వాటి పిల్లలను బీటీ మొక్కల మీద వదిలి చూసింది. మిగతా చేల వాటికన్నా ఇవి ఎక్కువ బతికాయి. 2011లో ఆ సంగతి అచ్చయింది. ఆ చేలన్నిట్లో కనీసం మూడేళ్లు వరుసగా అదే రకం మక్క!

పురుగు తిని తిని అలవాటు పడిందనుకోకు. విషాన్ని తట్టుకునేవి పుట్టుకతోనే ఏ కొన్నో ఉంటాయి. మిగతావి చస్తే ఇవే మిగిలి, వీటిలో వీటికే జత కుదురుతుంది, పిల్లలకూ అదే గుణం వస్తుంది. పక్కన మామూలు మక్క ఉంటే అక్కడి పురుగులతో కలిసి ఆ గుణం పలచబడుతుంది. పైగా ఈ మక్కలో విషం మోతాదు అంతంత మాత్రమే. తట్టుకునే పురుగుకూ మామూలు పురుగుకూ పుట్టి, సగం తట్టుకునేవీ గట్టెక్కాయి.

పంట మార్చితే పిల్ల ఆకలితో చావాలి. అందుకే సోయా వేసేవారు. అమెరికాలోనే ఇల్లినాయి రాష్ట్రంలో సోయా చేలోకి వెళ్లి గుడ్లు పెట్టే పురుగులు తయారయ్యాయి! చదివినప్పుడు నవ్వొచ్చింది నాకు. అక్కడి రైతు నవ్వి ఉండడు.

నల్లగొండలో ఇది పత్తి కథ. 2010లో గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి బీటీ పత్తిని తట్టుకుందని బయటపడింది. తర్వాత రెండు విషాల పత్తీ దాన్ని ఆపలేకపోయింది. 450 గ్రాముల బీటీ విత్తనంతో 120 గ్రాముల మామూలు విత్తనం ప్యాకెట్ ఇచ్చేవారు, చేను చుట్టూ వేయమని. వ్యవసాయ శాఖలో పనిచేసినన్నాళ్లూ ఊరూరా అదే చెప్పాను. నకిరేకల్ దగ్గర మా తమ్ముడింట్లో అటక మీద నాలుగేళ్ల ప్యాకెట్లు, సీలు కూడా విప్పలేదు. అడిగితే, "దానికి పురుగు పడుతుందట కదన్నా, ఎందుకెయ్యాలె?" అన్నాడు. పడాలనే కదా ఇచ్చింది!

పూత మొదలయ్యాక ఒకసారి చేనులోకి వెళ్లు. రేకులు విచ్చుకోకుండా గులాబీ మొగ్గలా ముడుచుకున్న పువ్వు కనిపిస్తే అది గుడ్డిపువ్వు. విప్పి చూడు, లోపల పిల్ల పురుగు ఉంటుంది. తెంపి చేలో పడేయకుండా దూరంగా తీసుకుపోయి కాల్చండి. డిసెంబరు దాటాక ఇంకో తీతకు ఆశపడి చేను ఉంచొద్దని నాన్నతో చెప్పు.