సూపర్ మార్కెట్ విస్తరణను కాలనీవారు ఆపగలరా? మా సీతమ్మధార అనుభవం

మీ వీధిలోని సూపర్ మార్కెట్ యజమాని పక్క స్థలం కూడా కొని దుకాణాన్ని రెండింతలు చేయబోతున్నారని, కాలనీవారంతా కలిసి అడ్డుచెబితే ఫలితం ఉంటుందా అని మీరు అడిగారు. మూడేళ్ల క్రితం విశాఖపట్నం సీతమ్మధారలో మా వీధికి ఇదే పరిస్థితి వచ్చింది కనుక, మేము చేసిన పొరపాటుతో సహా చెబుతాను.

మొదట మేము 80 సంతకాలతో, మాకు ఈ విస్తరణ వద్దని అర్జీ రాసి, సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే కార్యక్రమంలో ఇచ్చాము. రసీదు చేతికి వచ్చింది, అంతే. సొంత స్థలంలో అనుమతి తీసుకుని కట్టుకుంటానన్న మనిషిని, ఇరుగుపొరుగుకు ఇష్టం లేదన్న ఒక్క కారణంతో ఏ అధికారీ ఆపలేరని మాకు అప్పుడు తట్టలేదు. పైగా మోకాళ్ల నొప్పులతో రైతుబజారు దాకా వెళ్లలేని పెద్దవారికి ఆ దుకాణమే దిక్కు. నిజానికి మా బాధంతా ఆ దుకాణం తన పనిని వీధి మీదకు నెట్టడం గురించే.

దారి చూపినది మా ఎదురింట్లో ఉండే విశ్రాంత రైల్వే ఉద్యోగి. నిద్ర పట్టని ఆయన తెల్లవారుజామున బాల్కనీలో కూర్చుని, ఏ బండి ఎన్నింటికి వచ్చిందో, ఎంతసేపు ఆగిందో ఒక పొడవాటి నోటుపుస్తకంలో నెల రోజులపాటు రాశారు. 4.40కి పాల వ్యాను, ట్రేలు నేల మీద ఈడ్చిన చప్పుడు, 5.15కి కూరగాయల ఆటో; 5.50కి బియ్యం లారీ, వెనక్కి తీస్తున్నంతసేపూ హారను. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని, ఆ వేళల్లో అత్యవసరమైతే తప్ప హారను మోగించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఆ నియమాలతో పోల్చి చూసిన తరువాత, ఆ పుస్తకం మా గోడును తేదీలతో సహా ఫిర్యాదుగా మార్చింది.

అంతకన్నా పెద్ద ఆధారం ప్లాను. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, ఇప్పుడున్న భవనానికి మంజూరైన ప్లాను నకలు అడిగితే, చట్టం చెప్పిన 30 రోజుల గడువులోగానే వచ్చింది. అందులో సెల్లారు మొత్తం పార్కింగుకే చూపించారు. మేము రోజూ చూసేది మాత్రం ఆ సెల్లారులో నిలువెత్తు బస్తాల దొంతరలు, నూనె అట్టపెట్టెలు, ర్యాంపుకు అడ్డంగా గొలుసు. సరుకులకు వచ్చినవారి బండ్లన్నీ 30 అడుగుల రోడ్డుకు రెండువైపులా ఎందుకు నిలుస్తున్నాయో అప్పుడు అర్థమైంది. వీధి చివరి ఇంటి పెద్దావిడకు ఆయాసం వచ్చిన సాయంత్రం 108 వాహనం మలుపు దగ్గరే ఆగిపోగా, ఆమెను స్ట్రెచరు మీద అంతదూరం మోసుకువెళ్లారు. ఆ సంగతి నేను ఇప్పటికీ కోపం లేకుండా చెప్పలేను.

రెండవ అర్జీలో "వద్దు" అన్న మాటే లేదు. సెల్లారును పార్కింగుకు ఖాళీ చేయించిన తరువాతే కొత్త ప్లానును పరిశీలించాలని, సరుకు దించే చోటును దుకాణం ఆవరణలోనే చూపించాలని, పక్క స్థలం మాస్టర్ ప్లానులో దేనికి కేటాయించి ఉందో లిఖితపూర్వకంగా తెలపాలని అడిగాము. పట్టణ ప్రణాళిక సిబ్బంది వచ్చి కొలతలు తీసుకున్నారు. యజమాని మొదట కస్సుమన్నా, ప్లాను నకలు, నోటుపుస్తకం ఎదురుగా పెట్టేసరికి మెత్తబడ్డారు. విస్తరణ ఆగలేదు, కానీ సెల్లారు ఖాళీ అయింది, లారీలు ఉదయం 7 తరువాతే వస్తున్నాయి. ఆదివారం సాయంత్రాల రద్దీ మాత్రం అలాగే ఉంది.

మీ దగ్గర ఇంకా పునాది తవ్వలేదని రాశారు. స్లాబు పడ్డాక ఏది మార్పించాలన్నా తలకు మించిన పని అవుతుంది కనుక, ఈ వారమే ప్లాను నకలుకు దరఖాస్తు పెట్టండి, బండ్ల వేళలు రాయడం రేపటి నుంచే మొదలుపెట్టండి. సంతకాల సేకరణ ఆ తరువాత చూసుకోవచ్చు.